ధనుర్వాతం గదిలో తొమ్మిది రోజులు

ఆ మధ్య ఒక నర్సింగ్ స్కూలు వాళ్ళు తమ పిల్లలతో నాలుగు మాటలు మాట్లాడమని నన్ను పిలిచారు. శాలువా కప్పి మైకు చేతికిచ్చారు. చివరి వరసలోంచి ఒకమ్మాయి లేచి, "మేడమ్, పేషెంట్ చనిపోయినప్పుడు మీరు ఎట్ల తట్టుకునేవాళ్ళు?" అని అడిగింది. నేను గొంతు సవరించుకుని, "వృత్తిని వృత్తిలాగే చూడాలమ్మా, ఇంటికి మోసుకుపోకూడదు" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి మాత్రం కొట్టలేదు. రాసుకుందామని తెరిచిన పుస్తకాన్ని ఏమీ రాసుకోకుండానే మూసేసింది.

ఇంటికొచ్చాక సిగ్గేసింది. బతుకంతా చేసిన పని గురించి అడిగితే గోడ మీద రాసే సూక్తి ఒకటి అప్పజెప్పి వచ్చాను. అసలు జవాబు మైకు ముందు రెండు నిమిషాల్లో చెప్పగలిగేది కాదు. అందుకే ఇది రాస్తున్నాను, ఆ అమ్మాయి కోసం, ఆమె పక్కన కూర్చున్న మిగతా పిల్లల కోసం. ఇందులో ఎవరి పేర్లూ ఉండవు.

ఎనభైల మొదట్లో సూర్యాపేటలో నా మొదటి ఉద్యోగం. అది ఏ దవాఖానో ఇప్పుడు అనవసరం. నాకు ఇరవై రెండేళ్ళు. మాది పాలకీడు దగ్గర పల్లె. మా ఊళ్ళో తెల్లబట్టలు వేసుకుని ఉద్యోగం చేస్తున్న మొదటి ఆడపిల్లను కాబట్టి బస్సు దిగితే చాలు, నడుము నొప్పులున్న ముసలమ్మలంతా మా ఇంటి ముందే కనిపించేవారు.

ట్రైనింగులో, మనిషి పోయాక చేయాల్సినవన్నీ నేర్పారు. కళ్ళు మూయడం, గడ్డం జారకుండా కట్టు కట్టడం, కాళ్ళ బొటనవేళ్ళు కలిపి ముడివేయడం, శుభ్రమైన దుప్పటి కప్పడం. అంతా అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలని కూడా చెప్పారు. చేతులు తుడుచుకున్న తర్వాత ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు.

ఎదుటివాళ్ళు ఏం చేస్తున్నారో గుచ్చి గుచ్చి చూడటం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న చెడ్డ అలవాటు. వార్డులో ఎవరైనా పోయిన రోజున నేను మా వాళ్ళందరినీ కనిపెట్టి చూసేదాన్ని. మా కాంపౌండరుకు ఆకలి వేసేది. పేషెంటు పోయిన పది నిమిషాలకల్లా బస్టాండు ముందున్న హోటల్లో రెండు మిర్చి బజ్జీలు తిని, మీద చాయ్ తాగి వచ్చేవాడు. మామూలు రోజుల్లో మాత్రం సజ్జరొట్టె తప్ప ఏదీ ముట్టని మనిషి. మా ఆయమ్మ, వార్డు తుడిచే పెద్దామె, శవం దగ్గరికి పోయి మామూలు గొంతుతో మాట్లాడేది. "ఇగ లే బిడ్డా, ఇంటికి పో. గీడ ఇంకేం పనున్నది నీకు?" అనేది. మా పెద్ద సిస్టరు మాత్రం మమ్మల్ని తిట్టేది. ఆమె గుంటూరు వైపు మనిషి, యాభై దాటింది, సూది వేస్తే పసిపిల్ల కూడా ఉలిక్కిపడదు, అంత మెత్తని చెయ్యి. కానీ ఎవరైనా పోయారంటే అరగంటలోపు ఎవరో ఒకరికి మూడేది. టోపీ వంకరగా ఉందనో, ట్రేలో కత్తెర తడిగా ఉందనో.

నాకేమయ్యేదో చూసుకుంటే, ఏమీ అయ్యేది కాదు. మొదటి ఆరు నెలలూ ఒక్కసారి కూడా ఏడుపు రాలేదు. ఆకలి పెరగలేదు, తగ్గలేదు. హాస్టల్ గదికి పోయి హాయిగా నిద్రపోయేదాన్ని. నా మనసులో ఏదైనా లోపముందేమోనని అప్పుడప్పుడు అనుమానం వచ్చేది. పెద్ద సిస్టరుతో ఆ మాట అంటే, "మంచిదేగా! మంచం నంబరుతో పిలు, పేరుతో పిలవకు. అన్నీ సర్దుకుంటాయి" అంది. అట్లాగే పిలిచేదాన్ని. అందుకే ఆ రోజుల పేర్లు నాకు నిజంగానే చాలావరకు గుర్తులేవు. ఇందులో పేర్లు రాయకపోవడం నా గొప్పతనమేమీ కాదు.

ఆ ఏడాది వానలు వెనకబట్టిన రోజుల్లో నడిగూడెం అవతలి పల్లె నుంచి ఒక గొర్రెల కాపరిని తీసుకొచ్చారు. ముప్పై అయిదేళ్ళుంటాయి. రెండు వారాల కిందట మడిమలో తుమ్మముల్లు దిగింది. తనే పీకేసుకుని మందల వెంట పోయాడు. ఆ తర్వాత దవడలు పట్టేశాయి. నోరు తెరుచుకోక గంజి కూడా పోకపోతే, అప్పుడు తెచ్చారు. డాక్టరు గారు చూడగానే ధనుర్వాతం అన్నారు.

ఇప్పటి పిల్లలు ఈ జబ్బును పుస్తకాల్లోనే చూసి ఉంటారు. వెలుతురు పడినా, చప్పుడైనా, చల్లని చెయ్యి తగిలినా ఒళ్ళు విల్లులా వంగిపోతుంది. అందుకే వార్డు చివర ఒక చిన్న గది ఉండేది, కిటికీకి నల్లగుడ్డ కట్టి. అందులో అతన్ని పడుకోబెట్టాం. మందులు, ముక్కులోంచి వేసిన గొట్టంలో పాలు, గంటగంటకూ నాడి చూడటం. పగటి డ్యూటీ నాకు పడింది. ఈ జబ్బులో చిత్రమేమిటంటే, ఒళ్ళంతా బిగిసిపోయినా మతి మాత్రం చెక్కుచెదరదు. చేతివేళ్ళను కూడా చాలావరకు వదిలేస్తుంది. అంటే మనిషికి అన్నీ తెలుస్తుంటాయి, చెప్పడానికి మాత్రం వేళ్ళూ కళ్ళూ తప్ప ఇంకేం ఉండవు.

అతని భార్య మొదటిరోజు గదిలో అడుగు పెట్టగానే కాళ్ళ కడియాలు గల్లుమన్నాయి. ఆ చప్పుడుకి అతని ఒళ్ళు మంచం మీంచి లేచిపోయింది. ఆమె నోరు నొక్కుకుని బయటికి పరిగెత్తింది. గంట తర్వాత చూస్తే, రెండు కడియాలకూ పాత చీర పేలికలు గట్టిగా చుట్టుకుని పిల్లిలా నడిచి వచ్చింది. ఎవరూ చెప్పలేదు, తనకే తోచింది. నేను పేషెంటు పేరు అడిగి తెలుసుకున్నది ఆ రోజే. నంబరుతో పిలవడం నా వల్ల కాలేదు.

కళ్ళతో మాట్లాడుకునే పద్ధతి ఒకటి నేనే పెట్టాను. ఒకసారి రెప్ప వేస్తే అవును, రెండుసార్లు వేస్తే కాదు. నాలుగో రోజుకి మేం ముగ్గురం ఆ చీకటి గదిలో గుసగుసగా బోలెడు కబుర్లు చెప్పుకునేవాళ్ళం. ఆమె మంద సంగతులు చెప్పేది, అతను రెప్పలతో తీర్పు చెప్పేవాడు. "నల్లగొర్రె ఈనిందంట, మీ తమ్ముడు చెప్పిండు. ఆ పిల్లను అమ్ముదమా?" అంటే రెండుసార్లు. "నాకు ఎరికే, నువ్వు ఒప్పుకోవని" అని చీకట్లోనే నవ్వేది.

ఆరో రోజు నుంచి బిగుసుకోవడం తగ్గింది. పదో రోజు దాటితే గట్టెక్కినట్టేనని డాక్టరు గారన్నారు. ఎనిమిదో రోజు మధ్యాహ్నం అతని తమ్ముడొచ్చి, ఇంటి దగ్గర చిన్నబిడ్డకు రెండు రోజులుగా జ్వరమని, తల్లి కోసం ఏడుస్తున్నదని చెప్పాడు. ఆమె వరండాలో గోడకానుకుని నిలబడింది. లోపలికి చూస్తుంది, మరిది వైపు చూస్తుంది.

"పో అక్కా" అన్నాను నేను. "బిడ్డను సూసుకుని రేపు రా. మీ ఆయనకు మంచిగైతున్నది."

"నిజమేనా సిస్టరమ్మా? నేను పోతే ఏం గాదు గదా?"

"ఏం గాదు. నాది గ్యారంటీ."

ఆ మాట ఎవరూ అనమనలేదు. డాక్టరు గారు అనలేదు, పెద్ద సిస్టరు అనలేదు. ఉద్యోగంలో చేరి ఏడాది కాని పిల్లను నేనే అన్నాను. ఆమె నా గడ్డం పట్టుకుని ఆ చేతిని తన నుదుటికి ఆనించుకుని వెళ్ళిపోయింది. మరిదిని తోడు ఉంచింది. అతను మోటు చెప్పులతో చప్పుడు చేస్తాడని మేం లోపలికి రానివ్వలేదు. వరండాలోనే కూర్చున్నాడు.

మర్నాడు నేను డ్యూటీకి వచ్చేసరికి అతను మెలకువగా ఉన్నాడు. పాలు పోశాను. మొహం తుడిచాను. తొమ్మిది దాటాక అతను నా చెయ్యి కోసం వెతికాడు. ఇచ్చాను. బొటనవేలు లోపలికి పెట్టి పిడికిలి బిగించి, నా అరచేతిలో రెండుసార్లు తట్టాడు. తర్వాత చెయ్యి బోర్లించి మంచం అంచు నుంచి కిందికి దించాడు. నాకర్థం కాలేదు. "నీళ్ళా?" కాదు. "నొప్పా?" కాదు. "మీ ఆమె గురించా? మాపటికల్లా వస్తది." దానికి రెప్ప వేయలేదు. మళ్ళీ అదే సైగ, పిడికిలి, రెండు తట్లు, చెయ్యి కిందికి. నాకు తోచినవన్నీ అడిగాను. మంద? బిడ్డ? నల్లగొర్రె పిల్ల? అన్నిటికీ కాదు. ఒక దశలో అతనికి నవ్వొచ్చినట్టనిపించింది. బిగుసుకున్న ముఖంలో అది నవ్వో కాదో చెప్పడం కష్టం, కానీ కళ్ళలో కనిపించింది.

"ఉండు, ఆలోచించి చెప్త" అన్నాను.

పది గంటల ప్రాంతంలో, గదిలో ఏ చప్పుడూ లేకుండానే, అతని గొంతు పట్టేసింది. నేను కేకేశాను. డాక్టరు గారు వచ్చారు, చేయగలిగిందంతా చేశారు. అప్పుడు మా దగ్గరున్న పరికరాలు తక్కువ. నేను అతని చెయ్యి వదల్లేదు. అంతా అయిదారు నిమిషాల్లో అయిపోయింది.

కళ్ళు మూశాను. కట్టు కట్టాల్సిన పనిలేదు, దవడలు ముందే బిగిసి ఉన్నాయి. చేతులు కడుక్కున్నాను. మధ్యాహ్నం కాకముందే తమ్ముడు ఊరివాళ్ళ ట్రాక్టరొకటి దొరికితే అన్నను ఇంటికి తీసుకుపోయాడు. వదిన ఇంట్లోనే ఉంటుందనుకున్నాడు. వదినేమో అప్పటికే బస్సెక్కింది. ఆ పెద్దరోడ్డు మీద ఎక్కడో ఆ బస్సూ ఈ ట్రాక్టరూ ఎదురుపడే ఉంటాయి.

ఆమె రెండు గంటలకొచ్చింది. నేను వార్డు పక్కనున్న డ్రెస్సింగ్ గదిలో ఉన్నాను. తలుపు సందులోంచి చూశాను. ఆ పేలికలు చుట్టిన కాళ్ళతోనే మెల్లగా, ఒక్క చప్పుడు లేకుండా చివరి గది దాకా నడిచింది. అప్పటికి మేం నల్లగుడ్డ తీసేసి కిటికీ తెరిచాం. గది నిండా ఎండ. మంచం మీద పరుపు లేదు. ఆమె గుమ్మంలో కాసేపు నిలబడి, వెనక్కి తిరిగి, ఇంకా గుసగుసగానే అడిగింది: "ఏ గదికి మార్చిండ్రు?"

పెద్ద సిస్టరు వెళ్ళి ఆమె భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. ఏడుపు వినిపించింది. ఆ ఏడుపు మధ్యలో, "నిన్న పొమ్మన్న సిస్టరమ్మ ఏది? ఆమెను పిలువుండ్రి, ఒక్క మాట అడుగుత" అన్నది. పెద్ద సిస్టరు నా కోసం చుట్టూ చూసింది. నేను తలుపు మూశాను. గడియ కూడా పెట్టాను. ఆమె వెళ్ళిపోయేదాకా దూది ఉండలు చేస్తూ కూర్చున్నాను. ఆ రోజు ఎన్ని చేశానంటే, వారం దాకా ఎవరికీ మళ్ళీ చేసే పని పడలేదు.

పిల్లలూ, ఆ తర్వాత నాకు ఏమీ కాకపోవడమనేది ఆగిపోయింది. కానీ వచ్చింది ఏడుపు కాదు. నా చెయ్యి దానంతట అదే ఆ సైగ చేసేది. మెస్సులో అన్నం ముందు, బస్సులో, నిద్రలో కూడా చేసేదాన్నట, మా గదిలో ఉండే అమ్మాయి చెప్పింది. అతనేం చెప్పాడో తెలిస్తే ఇది ఆగుతుందనిపించింది. అందరినీ అడగడం మొదలుపెట్టాను. కాంపౌండరు చూసి, ఉప్పడిగాడన్నాడు. ఆయమ్మ, "భూమిలున్న వాళ్ళు పిలుస్తున్నరని చెప్పిండు" అంది. డాక్టరు గారు కళ్ళజోడు సర్దుకుని, "అర్థమేమీ ఉండదమ్మా, కండరాలు అట్లా కదులుతాయి" అన్నారు. ఆయన మీద నాకు ఎంతో గౌరవం, కానీ ఆ మాట నమ్మలేదు. నవ్వు కండరాలది కాదు.

పెద్ద సిస్టరును ఆ సైగ గురించి అడగడానికి పోయి ఇంకేదో అడిగాను. "మేడమ్, ఎవరన్నా పోయినరోజు మీరు మమ్మల్ని ఎందుకు తిడతరు?"

ఆమె రిజిస్టరు మూసి నావంక చూసింది. "నేనా? నేనెప్పుడు తిట్టానే?"

నేను రోజులతో సహా చెప్పాను. టోపీ, తడి కత్తెర, మూత పెట్టని స్పిరిట్ సీసా. ఆమె వింటూ వింటూ కుర్చీలో వెనక్కి వాలింది. నిజంగానే ఆమెకు తెలియదు. పాతికేళ్ళ సర్వీసులో ఎవరూ చెప్పలేదు. తర్వాతి వారం ఒక బాలింత పోయింది. పెద్ద సిస్టరు నా దగ్గరికి విసవిసా వచ్చి, "ఏమిటీ ఆప్రాన్ మీద మరక..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. నోరు తెరుచుకునే ఉంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చెప్పి పాడుచేశావు కదే! ఇప్పుడు నన్నేం చెయ్యమంటావ్?" అంది. ఇద్దరం స్టోరు గదిలోకి పోయి బెంచీ మీద కూర్చున్నాం. ఆమె అప్పుడు నాకు నేర్పినదేమిటని అడిగితే చెప్పలేను. కానీ ఆ రోజు తర్వాత నేను ఆమెకు భయపడలేదు.

రెండేళ్ళకు నాకు కోదాడ బదిలీ అయింది. కోదాడ నుంచి నడిగూడెం ఎంతో దూరం లేదు. ఆ వైపు నుంచి రోజూ పేషెంట్లు వచ్చేవారు. ఎవరైనా గొంగడి కప్పుకుని వస్తే చాలు, నేను లోపలి గదిలో ఏదో పని కల్పించుకునేదాన్ని. నాలుగు నెలలు అట్లాగే తప్పించుకున్నాను. ఒకరోజు కాన్పుకొచ్చిన అమ్మాయి తల్లి ఆ పల్లె పేరు చెప్పింది. నా నోరు ఆగలేదు. ఫలానా ఆయన భార్య ఎట్లుందని అడిగాను.

"ఉన్నది. మంద ఆమెనే మేపుతది. మనిషి మంచిదే గాని, ఊరి మీదికి ఎవరన్నా దవాఖాన నుంచొస్తే సాలు, ఎంటబడి అడుగుతది. మా ఆయన సూర్యాపేట దవాఖానల పోయిండు, మీకేమన్న ఎరికా అని."

మరుసటి వారం సెలవురోజున బస్సెక్కాను.

నడిగూడెంలో దిగి, పొలాల గట్ల మీద చాలా దూరం నడిచాను. ఏం చెప్పాలో దారి పొడుగునా కూడబలుక్కున్నాను. ఆమె ఇంటి ముందు నులకమంచం మీద శనగలు ఆరబోస్తున్నది. నేను తెల్లచీర కట్టుకోలేదు. అయినా తలెత్తగానే గుర్తుపట్టింది.

"నువ్వు సూర్యాపేట సిస్టరమ్మవు గదా."

"అవునక్కా."

ఆమె కూర్చోమనలేదు. శనగలు ఎగదోస్తూనే ఉంది. నేను కూడబలుక్కున్నవన్నీ మరిచిపోయాను. "ఆ రోజు నువ్వు పిలిచినప్పుడు నేను ఆడ్నే ఉన్న. పక్క గదిల. తలుపేసుకున్న" అన్నాను.

ఆమె చెయ్యి ఆగింది. "ఎందుకు పొమ్మన్నవ్ నన్ను?"

"బతుకుతడనుకున్న. తప్పైంది."

ఆమె మాట మాటకీ ఆగి అన్నది: "నేను గూడ గట్లనే అనుకున్న. అనుకోకపోతే నువ్వు పొమ్మంటే పోదునా? నువ్వెవరు నన్ను పొమ్మంటందుకు?" అని, వెంటనే, "గాని గీ మాట చెప్తందుకు రెండేండ్లు పట్టిందా నీకు?" అని నా ముఖంలోకి చూసింది. నేను కింద పడ్డ రెండు శనగలు ఏరి మంచం మీద వేశాను.

అప్పుడు ఆమె అసలు ప్రశ్న అడిగింది. "ఆఖరికి ఆయన కాడ ఎవరన్న ఉండిండ్రా?"

నాకు ప్రశ్నే అర్థం కాలేదు. "నేనున్న" అన్నాను. "పొద్దుగాల నుంచి నేనే ఉన్న. చెయ్యి పట్టుకునే ఉన్న."

ఆమె మంచం పట్టె మీద కూలబడింది. శనగలు కింద పోయాయి. "మా మరిదిని లోపలికి రానియ్యలేదంట. ఆనికేం తెల్వదు. నేనొచ్చేసరికి గది ఉత్తగున్నది. సీకట్ల, నోరు పెగలక, ఒక్కడే పోయిండనుకున్న. గీ రెండేండ్లు అదే సూస్తున్న నేను, కండ్లు మూస్తే."

నేను రెండేళ్ళుగా ఒక సైగకు అర్థం వెతుకుతున్నాను. ఆమెకు కావలసింది అది కాదు. ఎవరైనా ఉన్నారా అన్న ఒక్క మాట. అది నా దగ్గర మొదటిరోజు నుంచీ ఉంది. దాన్ని గదిలో పెట్టి గడియ వేసుకుంది నేనే. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. ఆపుకోవాలని చూడలేదు. ఆమె కూడా ఏడ్చింది, కానీ నన్ను ఓదార్చలేదు. నేనూ ఆమెను ఓదార్చలేదు. ఏడ్వడం అయ్యాక లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి, "ఇగ చెప్పు" అంది. "పొద్దుగాల నుంచి చెప్పు. ఏదీ ఇడువకు."

చెప్పాను. ఎన్నింటికి మెలకువగా ఉన్నాడు, పాలు ఎన్ని పోశాం, చల్లగున్నాయా వెచ్చగున్నాయా, మొహం ఏ గుడ్డతో తుడిచాను. మా రిజిస్టరులో కూడా అంత వివరం అడగరు. సైగ దగ్గరికి వచ్చాక అత్తగారిని కేకేసింది. ఆ ముసలమ్మకు చూపు ఆనదు. "నా చేతిల చేసి సూపియ్యి" అని అరచెయ్యి చాపింది. పిడికిలి, రెండు తట్లు, చెయ్యి కిందికి. ముసలమ్మ ఆలోచించి, మందకు కాపలా మార్చుకునేటప్పుడు చిన్నప్పుడు అట్లా చేసేవాడేమోనంది. మరిది వచ్చి, కాదు, వాగు ఇసుకలో తవ్విన చెలిమలో నీళ్ళున్నయని చెప్పే సైగ అన్నాడు. ఇద్దరూ వాదులాడుకున్నారు. భార్య మాత్రం నా చేత నాలుగైదు సార్లు చేయించుకుని, చివరికి, "నాకు తెల్వదు" అంది. "గాని అది ఆయన చెయ్యే. గట్లనే తడతడు" అంది. నాకు ఆ అర్థం ఈనాటికీ తెలియదు. అయితే ఆ తర్వాత నా చెయ్యి దానంతట అది కదలడం మానేసింది.

తొంభైల్లో మిర్యాలగూడలో చాలాకాలం చేశాను. అక్కడ నేను పెట్టుకున్న పద్ధతి ఒక్కటే. ఎవరైనా పోతే, మొదటి ఏడుపు తగ్గేదాకా ఆగి, దగ్గరికి పోయి, "ఏం జరిగిందో చెప్పమంటరా?" అని అడగడం. కావాలంటే కూర్చుని మొదటి నుంచి చెప్పడం. ఒకాయన, నువ్వు చెప్పేదేంది, నా కొడుకును తెచ్చియ్యి అని ట్రే విసిరికొట్టాడు. వద్దన్నవాళ్ళు కూడా ఉన్నారు. నాకు తెలియనిది తెలియదనేదాన్ని, నేను చేసిన పొరపాటుంటే అదీ చెప్పేదాన్ని. గ్యారంటీ అన్న మాట మళ్ళీ ఎప్పుడూ వాడలేదు. దామరచర్ల వైపు తండా నుంచి వచ్చిన ఒకామె, కూతురు పోయినప్పుడు, తన తల్లికి తెలుగు రాదని, నేను చెప్పే ఒక్కో మాటనూ తమ భాషలో ఆమెకు చెప్పింది. ఒక వాక్యం చెప్పి ఆగాలి. వాళ్ళ మాట అయ్యేదాకా చూడాలి. తర్వాత ఇంకో వాక్యం. ఆ ఆగినంతసేపు, జరిగింది నాకు కూడా అప్పుడే తెలుస్తున్నట్టుండేది. తట్టుకోవడమంటే ఇదేనా అంటే నేను చెప్పలేను. ఒక్కోరోజు ఇది కూడా పనిచేసేది కాదు. అట్లాంటి రోజుల్లో కాంపౌండరు లాగే మిర్చి బజ్జీలు తిన్నాను.

ఆ గొర్రెల కాపరి పల్లెకు నేను పోయిన రోజు సంగతి ఇంకొంచెం మిగిలింది. పొద్దు వాలుతుంటే నేను లేచాను. ఆమె నడిగూడెం దాకా వస్తానంది. గట్ల మీద ముందు ఆమె, వెనక నేను. బస్సాగే చోట రాయి మీద కూర్చున్నాం. కాసేపటికి, రోడ్డు వైపు చూస్తూనే, "ఇంకొకపారి చెప్పు" అంది.

మళ్ళీ మొదలుపెట్టాను. నేను డ్యూటీకి రావడం, అతను మెలకువగా ఉండటం, పాలు. ఈసారి ఆమె మధ్యమధ్య తనే అందుకుని చెప్పింది. "గోరువెచ్చగున్నయి" అని, "ఎడమ చెంప ముందు తుడిసినవ్" అని. మేమింకా తొమ్మిది గంటల దగ్గరే ఉండగా కోదాడ బస్సొచ్చి ఆగింది. కండక్టరు తల బయట పెట్టి, "వస్తవా అమ్మా?" అన్నాడు.

ఆమె నావంక చూడలేదు. చెయ్యి మాత్రం నా కొంగు పట్టుకుని ఉంది.

పొమ్మని చెయ్యి ఊపాను. బస్సు కదిలింది.

"ఊఁ, చెప్పు" అంది.